మా బావమరిది కారు

అరువు తెచ్చిన వెండి చెంబుతో మంచినీళ్ళు తాగినవాడికి దాహం తీరదంటాను నేను. గుక్కగుక్కకీ ఎక్కడ సొట్ట పడుతుందోనని చూసుకోవడంతోనే సరిపోతుంది. మా బావమరిది కారు మా ఇంట్లో ఉన్న ఏడాదిన్నరా నా పరిస్థితి సరిగ్గా అదే.

నేను అడిగి తెచ్చుకున్నది కాదని ముందే మనవి చేసుకుంటున్నాను. 2022 జూన్‌లో అతనికి బెంగుళూరు బదిలీ అయింది. అక్కడ తీసుకున్న వాటాలో కారు పెట్టుకోవడానికి చోటు లేదట. గుంటూరు వచ్చి, తాళంచెవి నా చేతిలో పెట్టి, "మీరు వాడుకోండి బావగారూ, ఊరికే పడి ఉంటే బండి పాడవుతుంది" అన్నాడు. కాలేజీకి స్కూటరు మీద వెళ్ళివచ్చే తెలుగు లెక్చరరుని. నాకు కారేమిటి అనబోయాను. మా ఆవిడ మొహం చూసి ఊరుకున్నాను.

ఊరుకోవడానికి కారణం ఉంది. అంతకు రెండేళ్ళ ముందు తెనాలిలోని మా మామగారి ఇల్లు అమ్మకం దగ్గర అక్కాతమ్ముళ్ళ మధ్య ఒక మాట పట్టింపు వచ్చింది. పెద్ద తగాదా ఏమీ కాదు. ఇత్తడి గంగాళం ఎవరు తీసుకోవాలన్న దగ్గర మొదలై ఎక్కడికో పోయింది. ఏడాదిపాటు ఇటు ఫోను అటు వెళ్ళలేదు, అటు ఫోను ఇటు రాలేదు. అలాంటిది ఆ తమ్ముడు వచ్చి, మొట్టమొదటి జీతాలు కూడబెట్టి కొనుక్కున్న కారుని అక్క గుమ్మంలో పెట్టి వెళ్ళాడు. మా ఆవిడ ఆ తాళంచెవిని తీసుకువెళ్ళి దేవుడి గూట్లో పెట్టింది. ఇక నేను మాట్లాడేదేముంది? ఆ కారు మీద గీత పడితే అది కారు మీద మాత్రమే పడదన్నమాట.

అందుకని మహా భద్రంగా వాడాను. తుడిచాను, కడిగాను, గుడ్డ కప్పాను. సందు తిరిగేటప్పుడల్లా రెండువైపులా గోడలకి నమస్కారం పెట్టినంత పని చేశాను. పదిహేడు నెలల్లో బయట ఒక్క గీత పడలేదు. పడిందల్లా లోపల, నా చేతికిందే పడింది.

2023 నవంబరులో ఒక ఆదివారం తీరిగ్గా కారు తుడుస్తుంటే స్టీరింగు చక్రం కుడివైపు చేతికి గరుగ్గా తగిలింది. కళ్ళజోడు సవరించుకుని చూశాను. ఆ చక్రానికి తోలు తొడుగు. మామూలు రకం కారుకి ఇది ఉండదట, పై రకానికి వెళ్ళి ఎక్కువ డబ్బు పోసి తీసుకున్నానని అతను ఒకసారి గొప్పగా చెప్పాడు కూడా. ఆ నల్లటి తోలు మీద కుడివైపు, గడియారంలో మూడు ఉండే చోట, జానెడు మేర రంగు లేచిపోయి బూడిదగా ఉంది. మధ్యలో సన్నసన్నటి గాట్లు, ఒకచోట పొర లేచి ఎండిన పెదవిలా ఉంది. లోపలివైపు కుట్టు నాలుగు పోగులు ఊడింది.

ఎందుకు ఇలా అయిందా అని నా కుడిచెయ్యి చూసుకున్నాను. మన దేశంలో కారు నడిపేవాడి ఎడమచెయ్యి సగంసేపు గేరు మీద ఉంటుంది. చక్రం బరువంతా కుడిచేతిదే. ఆ చేతి ఉంగరపు వేలికి మా మామగారు పెళ్ళిలో పెట్టిన పగడపుటుంగరం. పగడాన్ని పట్టుకున్న బంగారపు మొనలు నాలుగు, పిల్లిగోళ్ళలా పైకి ఉంటాయి. అరచేతివైపు తిరిగిపోవడం దానికి మొదటినుంచీ అలవాటు. దొంగ దొరికాడు.

మా ఆవిడని పిలిచి చూపించాను. చాలాసేపు చూసింది. చూసి, "ఉంగరం మా నాన్న పెట్టింది, కారు మా తమ్ముడిది, మధ్యలో మీరెందుకు వచ్చినట్టు?" అంది.

దీనికి నావద్ద ఇప్పటికీ సమాధానం లేదు.

సంక్రాంతికి అతను వస్తాడు. రెండు నెలలు లేదు. చెప్పేద్దామన్నాను. "ఫోనులో చెబితే గీత గజమంత వినిపిస్తుంది. ముందు బాగు చేయించండి, తరవాత చెబుదురుగాని" అంది. ఆ 'తరవాత' అన్న మాటలో చెప్పకపోయినా ఫరవాలేదన్న అర్థం కూడా ఉందని నాకు తోచింది. వ్యాకరణం చెప్పేవాణ్ణి గదా, ఇలాంటివి తోస్తూ ఉంటాయి.

ఇక నా వైద్యం మొదలయింది. మొదట కొబ్బరినూనె. తోలంటే చర్మమే కదా, మన చర్మానికి పనికొచ్చింది దానికి పనికిరాదా అన్నది నా తర్కం. రంగు లేచిన చోటల్లా నూనె పీల్చుకుని నల్లమచ్చలు కట్టింది, రంగు ఉన్నచోట పైపైన నిలిచి జారింది. మర్నాడు మలుపులో చక్రం చేతిలోంచి చేపలా జారబోయింది. తరవాత బూటు పాలిషు. నల్లది, డబ్బాలోది, బ్రష్షుతో ఓపిగ్గా రాశాను. అబ్బ, ఎంత బాగుందంటే, ఆ రాత్రి రెండుసార్లు వెళ్ళి టార్చిలైటు వేసి చూసుకున్నాను. తెల్లవారి కారు నడుపుకుంటూ కాలేజీకి వెళ్ళాను. దారిలో నుదురు తుడుచుకున్నాను, ముక్కు సవరించుకున్నాను, చొక్కా సర్దుకున్నాను. క్లాసులో హాజరు వేస్తుంటే ముందు బెంచీలోని ఆడపిల్లలు రుమాళ్ళు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పాపం, ఒక కుర్రాడు జాలిపడి "సార్, మీసం..." అన్నాడు. నాకు మీసం లేదు.

మా కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పే మిత్రుడొకడున్నాడు. స్టాఫురూములో నా అరచేతులు చూసి, విషయం విని, పాఠం మొదలుపెట్టాడు. ఆ పాఠం నాకు బాగా ఉపకరించింది గనక మీకూ చెబుతాను.

కారు చక్రం మీది తోలులో మనం ముట్టుకునేది నిజానికి తోలు కాదట. లోపల లోహపు చట్రం, దానిమీద గట్టి నురుగు, దానిమీద తోలు, ఆ తోలుమీద రంగుపూత, ఆ రంగుమీద కనబడని గాజులాంటి మరో పూత. చేతికి తగిలేది ఆ చివరి పూతే. చెమటా, చేతి జిడ్డూ దాన్ని మెల్లగా మెత్తబరుస్తాయి. గుంటూరు వేసవిలో అద్దంలోంచి పడే ఎండ ఎండగడుతుంది. "ఇంకొకటి అడుగుతాను. 2020లో పట్టుకున్న శానిటైజరు సీసా వదిలావా?" అన్నాడు. వదల్లేదు. కారెక్కగానే చేతులకి రాసుకోవడం, తడి ఆరకుండానే చక్రం పట్టుకోవడం నాకు అలవాటై కూచుంది. అందులో సగానికి పైగా సారాయమే. అది పూతని లొంగదీస్తే, లొంగినదాన్ని ఉంగరం గీరింది. మామగారొక్కరిదే తప్పు కాదన్నమాట. అది విని నాకు కొంత ఊరట కలిగింది.

"నూనె లోపలికి పోవాలంటే పూత అడ్డం, పూత లేనిచోట మచ్చ. పాలిషు మైనం, అది పూతని పట్టుకోదు, నీ చేతిని పట్టుకుంటుంది. పోయింది రంగుపూత. మళ్ళీ పూతే వెయ్యాలి" అని తేల్చాడు. ఏమేం కావాలో కాగితం మీద రాసిచ్చాడు. విజయవాడ ఆటోనగర్ వెళితే మొత్తం తొడుగే కొత్తది కుట్టేస్తారన్నాడు. కాని తొడుగు మారిస్తే అది మా బావమరిది స్టీరింగు కాదు, నేను కొనిచ్చిన స్టీరింగు అవుతుంది. మా ఆవిడ ఒప్పుకోలేదు.

ఇంటికి తెప్పించుకున్న పెట్టె వచ్చింది. పదహారువందల రూపాయలు, బేరమాడకుండా ఇచ్చాను. బేరమాడటానికి అక్కడ మనిషి ఎవరూ లేరు గనక. చిన్నచిన్న సీసాల్లో నలుపు, తెలుపు, గోధుమ వగైరా రంగులు, గాట్లు పూడ్చే ముద్ద, చివరి పూత, స్పాంజి ముక్కలు, ఉప్పుకాగితాలు, చీమ తలకాయంత అక్షరాలతో ఇంగ్లీషులో ఒక కరపత్రం. మూడుసార్లు చదివాను. మూడోసారికి నాకు బాగా అర్థమైంది ఏమిటంటే, ఈ పని నా చేతుల్లో లేదని. తెలిసినవాడి చెయ్యి కావాలి.

మా సందు మొదట్లో ఒక వేపచెట్టుంది. దానికింద గోనె పరచుకుని చెప్పులు కుట్టే అతను ఎనిమిదేళ్ళుగా నాకు తెలుసు. తెలుసంటే, నా చెప్పులు అతనికి తెలుసు. తెగినప్పుడల్లా విప్పి ఇచ్చి, ఒంటికాలి మీద నిలబడి, వార్తాపత్రిక తిరగేస్తూ ఉంటే కుట్టి ఇస్తాడు. నేను చిల్లర ఇస్తాను. అంతే పరిచయం. యాభయ్యేళ్ళు దాటి ఉంటాయి.

పెట్టె పట్టుకుని వెళ్ళి సంగతి చెప్పాను. సీసాల మూతలు తీసి ఒక్కొక్కటీ వాసన చూశాడు. నలుపు చుక్క వేలిమీద వేసుకుని రెండో వేలితో రాసి చూశాడు. "నీళ్ళ రంగే. మంచిదే మాస్టారూ. బండి చూడాల" అన్నాడు. ఎంత అని అడిగాను. "ఎనిమిదొందలు ఇయ్యండి. రెండు పూటల పని."

పదహారువందలు నోరెత్తకుండా ఇచ్చినవాణ్ణి ఇక్కడ నోరెత్తాను. ఐదువందలన్నాను. అతనేమీ కోప్పడలేదు. "చేతులు పెట్టే చోటు మాస్టారూ. కాళ్ళకి పెట్టుకునేదానికే రెండొందలిస్తున్నారు గదా" అన్నాడు. నాకు కాస్త సిగ్గేసింది, అయినా ఆరువందల దగ్గర బేరం నిలబెట్టాను. పనయ్యాక మా ఆవిడ లెక్క అడిగి, మారుమాటాడకుండా లోపలికి వెళ్ళి ఎనిమిదివందలు తెచ్చి అతని చేతిలో పెట్టిందనుకోండి. అది వేరే సంగతి.

శనివారం ఉదయం వచ్చాడు. కారు తలుపు తెరిచాను. అతను చేతులు కడుక్కుని, లుంగీకి తుడుచుకుని, తలుపు దగ్గర ఆగి, "లోపల కూర్చోమంటారా?" అన్నాడు.

ఆ క్షణంలో నేను చేసిన పని ఒకటుంది. చెప్పడం మానేద్దామని రెండుసార్లు అనుకుని, చివరికి రాస్తున్నాను. వసారాలో ఉన్న పాత దినపత్రిక తీసుకుని సీటు మీద పరిచాను. పరిచి, "కూర్చో" అన్నాను.

రంగు పడుతుందని పరిచానా, అతను కూర్చుంటాడని పరిచానా? రంగు పనివాడెవరు వచ్చినా పరుస్తాం గదా అని నన్ను నేను సమర్థించుకున్నాను. కాని గత ఏడాది ఏసీ బాగుచేయడానికి వచ్చిన కుర్రాడు గ్రీజు చేతులతో అదే సీటు మీద గంటసేపు కూర్చున్నాడు. అప్పుడు నాకు పత్రిక గుర్తు రాలేదు. పద్ధెనిమిదేళ్ళుగా జాషువా 'గబ్బిలం' పాఠం చెబుతున్నవాణ్ణి నేను. 1941లో వచ్చిన కావ్యం. చెప్పులు కుట్టే కులంలో పుట్టిన తంజావూరు మనిషి ఒకడు, తన గోడు కాశీ విశ్వేశ్వరుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. మనుషులెవరూ వినరు గనక. ఆ పాఠం చెప్పేటప్పుడు నా గొంతు బరువెక్కుతుందని పిల్లలంటారు. ఆ గొంతుతోనే "కూర్చో" అన్నాను.

అతను కాళ్ళు బయటికి పెట్టి సీటు అంచున కూర్చున్నాడు. తాళంచెవి తీసేశాను. చక్రం మధ్యలో గాలిసంచీ ఉంటుంది, దాని జోలికి పోకూడదు, తడి తగలకూడదు అని కరపత్రంలో ఉన్న హెచ్చరిక చదివి చెప్పాను. అక్కడినుంచి మా ఇద్దరి పనీ ఒక వరసలో పడింది. నేను కళ్ళజోడు పెట్టుకుని చదివి తెలుగులో చెప్పడం, అతను వినడం, విని అందులో సగం ఒప్పుకోవడం, సగం ఒప్పుకోకపోవడం.

మొట్టమొదట నా పాలిషు వదిలించడానికే ముప్పావుగంట పట్టింది. తెల్లగుడ్డకి కొంచెం స్పిరిటు తడిపి, పిండి, తుడిచాడు. గుడ్డ నల్లబడితే తిప్పి మళ్ళీ తుడిచాడు. గుడ్డకి ఇక నలుపు అంటనంతవరకూ వదల్లేదు. చక్రాన్ని పాడుచేసిన సారాయమే దాన్ని శుభ్రం చేయడానికి కావలసి రావడం నాకు వింతగా తోచింది. మోతాదులో ఉంది కాబోలు తేడా అంతా.

ఆ తరవాత ఊడిన కుట్టు. గోనెసంచీలోంచి రెండు పనిముట్లు తీశాడు. ఒకటి పిడిలో దిగేసిన సన్నటి మొన, రెండోది వెడల్పాటి కత్తి. నేను ఊరుకోలేక వాటినేమంటారని అడిగాను. "ఇది ఆరె. ఇది రంపె." నా ఒళ్ళు ఝల్లుమంది. ఈ రెండు మాటలూ నేను నిఘంటువులో చదివినవాణ్ణి. చెప్పులు కుట్టువాని సాధనములు అని నేర్చుకుని పరీక్ష రాసి ప్యాసయినవాణ్ణి. ఎనిమిదేళ్ళుగా నా కళ్ళెదుట అవి నా చెప్పుల్లోనే దిగుతుంటే, ఆ మాటలూ ఈ వస్తువులూ ఒకటేనని నాకు తట్టలేదు.

దారానికి మైనం పట్టించాడు. రెండు సూదులు తీసుకుని, పాత రంధ్రాల్లోంచే ఇటుది అటు, అటుది ఇటు దాటించాడు. ఆరెతో రంధ్రం కొద్దిగా తెరవడమే గాని కొత్తది ఒక్కటి పొడవలేదు. "కొత్త బొక్క పెడితే తోలు చినుగుద్ది. పాత దారినే పోవాల" అన్నాడు.

లేచిన పొరలో పుల్లకొసతో బంక పెట్టి అదిమాడు. నూగుని రంపె వాదరతో గీసేశాడు. వెయ్యి నంబరు ఉప్పుకాగితం చిన్నముక్క చింపి, చంటిపిల్లవాడి వీపు రాసినట్టు రాశాడు. గాట్లలో ముద్ద పెట్టడం దగ్గర మా ఇద్దరికీ వాదం వచ్చింది. నిండా పెట్టేస్తే ఒక్కసారికే అయిపోతుందని నా తొందర. అతను గోటితో తీసినంత తీసి, పూసి, ఆరనిచ్చి, మళ్ళీ పూసి, ఇలా మూడుసార్లు చేశాడు. "ఒక్కసారే దట్టంగా పెడితే పైన ఆరుద్ది, లోన ఆరదు. పదిరోజులకి పెచ్చులే" అన్నాడు. కరపత్రంలోనూ అదే ఉంది. నేను ఆ వాక్యం దాటవేసి చదివాను.

ఆరే వ్యవధుల్లో మాటలు సాగాయి. వాళ్ళ తాతది పల్నాటి వైపు పల్లె. ఆయన పచ్చితోలు తెచ్చి సున్నపునీళ్ళలో నానబెట్టి, వెంట్రుక గీసి, లందలో తంగేడుచెక్క నీళ్ళలో ఊరబెట్టేవాడట. కరక్కాయ కూడా వేసేవాడట. నెలలు పట్టేది. "ఆ వాసనకి ఊళ్ళోవాళ్ళు మా గూడెం దిక్కుకి వచ్చేవాళ్ళు కాదు. మోట తోలుకి మాత్రం వచ్చేవాళ్ళు" అని నవ్వాడు. బావిలోంచి నీళ్ళు తోడే మోటబాన కింద తోలుతొండం, ఎడ్లకి పట్టెళ్ళు, పొలానికి వెళ్ళే కిర్రుచెప్పులు, అన్నీ ఆ లందలోంచే రావాలి. ఇప్పుడు తోలు ఎక్కువగా క్రోమియం లవణాలతో పదును చేస్తారని, వారాలూ నెలలూ పట్టే పని రోజుల్లో అయిపోతుందని, పదునైన తోలు మొదట నీలంగా ఉంటుందని మా రసాయన మిత్రుడు చెప్పినది నేను అతనికి చెప్పాను. చెన్నైలో 1948 నుంచీ తోళ్ళమీద పరిశోధనకే ఒక పెద్ద సంస్థ ఉందని కూడా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "మా తాత పెట్టిన తోలు నీళ్ళలో నానితే మెత్తన, ఎండితే గట్టన. దీనికి రెండూ లేవు" అని చక్రం మీద వేలు వేశాడు. మెచ్చుకున్నాడో తీసిపారేశాడో తెలియలేదు.

తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం, బతుకమ్మలో పేర్చే పువ్వు అని పిల్లలకి చెబుతూ ఉంటాను. దాని బెరడు ఎక్కడికి పోయేదో ఏ ఏడూ చెప్పలేదు.

మధ్యాహ్నం రంగు. ఇక్కడ చూశాను పనితనం. నేను నలుపంటే నలుపే అనుకున్నాను. అతను చక్రం అడుగున, కనబడనిచోట ఒక చుక్క వేసి, మా ఆవిడ జుట్టు ఆరబెట్టుకునే మిషను తెమ్మని, దూరంనుంచి వెచ్చటిగాలి పట్టించి ఆరబెట్టాడు. సీసా నలుపు కాటుకలా ఉంది, చక్రం నలుపు బొగ్గులా ఉంది. అగ్గిపుల్ల కొసన తెలుపు ముంచి కలిపాడు. మళ్ళీ చుక్క, మళ్ళీ గాలి. గోధుమరంగు వాసన చూపించాడా అన్నంత కలిపాడు. తడిగా ఉన్నప్పుడు చూసి మోసపోకూడదు, ఆరాక చూడాలి అన్నాడు. నాలుగోసారికి ఏది పాతదో ఏది కొత్తదో నాకు తెలియలేదు. స్పాంజితో అద్దాడే గాని పూయలేదు. పల్చగా ఐదు పొరలు. నేను వంగి చూస్తుంటే మేడమీదనుంచి మా ఆవిడ, "ఆయనకి మంచినీళ్ళిచ్చారా?" అని కేకవేసింది. ఇవ్వలేదు. ఇచ్చాను.

కరపత్రంలో చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. పై పూత వేసేముందు రాత్రంతా 'క్యూర్' కానివ్వాలి అని ఉంది. తెలుగు ఏం చెప్పాలా అని గట్టిపడాలి, పాకాన పడాలి అని తడుముకుంటున్నాను. "మాగాల అంటారు మాస్టారూ" అన్నాడు ఆయన. మాగడం! నాకు రావలసిన మాట ఆయన నోట వచ్చింది.

మర్నాడు పొద్దున పై పూతకి వచ్చాడు. ఆసరికి రాత్రి పడుకుని చాలా ఆలోచించి ఉన్నాను. పత్రిక తీసేశాను. తలుపు తెరిచి, "రండి, కూర్చోండి" అన్నాను. ఆ బహువచనం నా చెవికే కొత్తగా వినబడింది. ఆయన సీటు వంక చూసి, "పేపరేదీ మాస్టారూ? నిన్న పరిచారుగా. పూత చుక్క పడితే సీటు పోద్ది" అన్నాడు.

వెళ్ళి మళ్ళీ తెచ్చి పరిచాను. ఏం చెయ్యను?

మెరుపులేని పూత రెండుసార్లు అద్దాడు. ఒక రోజంతా కారు తియ్యొద్దన్నాడు, వారంపాటు తడిగుడ్డ తగలనివ్వొద్దన్నాడు. సామాను సర్దుకుంటూ నా చేతివంక చూసి, "ఆ ఉంగరం మాత్రం తీసి నడపండి" అన్నాడు. అప్పటినుంచీ కారెక్కగానే ఉంగరం తీసి చొక్కాజేబులో వేసుకుంటున్నాను. శానిటైజరు సీసా ఇంట్లో పెట్టేశాను.

2024 సంక్రాంతికి మా బావమరిది వచ్చాడు. భోగినాడు తాళంచెవి తీసుకుని అక్కని గుళ్ళోకి తీసుకువెళ్ళాడు. నేను వెనకసీట్లో కూర్చున్నాను. అతని కుడిచెయ్యి సరిగ్గా మూడుగంటల చోట ఉంది. బొటనవేలు అటూ ఇటూ కదులుతోంది. ఏమీ అనలేదు. దేవుణ్ణి చూసినంతసేపూ నాకు ఆ బొటనవేలే కనబడింది. మా ఆవిడ ప్రసాదం నా చేతిలో పెడుతూ, చెప్పొద్దన్నట్టు కళ్ళతోనే అంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పేశాను. మొదట ఉంగరం చెప్పాను. నూనె చెప్పాను, బూటు పాలిషు చెప్పాను, అతను పొలమారేలా నవ్వాడు. "అక్కా, నువ్వు ఫోనులో ఎందుకు చెప్పలేదే?" అన్నాడు. "చెబితే ఏమంటావో అని" అంది మా ఆవిడ. "గంగాళం నువ్వు తీసుకుంటానంటే ఏమన్నాను?" అన్నాడు. "ఏమన్నావో నీకు గుర్తులేదా?" అంది. ఒక్కక్షణం ఇద్దరూ కంచాల్లోకి చూసుకున్నారు. తరవాత అతను, "గుర్తుంది. అందుకేగా కారిచ్చింది" అన్నాడు. మా ఆవిడ లేచి, అతనికి ఇంకో గరిటె గుమ్మడికాయ పులుసు వేసి, అడక్కుండానే నాకూ వేసింది.

మాటలో మాటగా పత్రిక సంగతీ చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. అతనేమీ అనలేదు. మా ఆవిడ మాత్రం, "నేను మేడమీదనుంచి చూశాను" అంది. అంతవరకూ ఆమెకు తెలుసని నాకు తెలియదు. ఆ రోజు ఎనిమిదివందలూ ఎందుకిచ్చిందో, మంచినీళ్ళ కేక ఎందుకు వేసిందో అప్పుడు తెలిసింది.

పొద్దున్నే అతని ఆఫీసు సంచీ పట్టీ ఊడిందని, ఆయన దగ్గరికి తీసుకువెళ్ళమన్నాడు. పండగరోజు కదా, వేపచెట్టు కింద ఎవరూ లేరు. మడిచిన గోనె చెట్టు పంగలో పెట్టి ఉంది. కనుమ వెళ్ళాక అతను కారు తీసుకుని బెంగుళూరు వెళ్ళిపోయాడు. చోటు దొరికిందట. సంచీ మా ఇంట్లో వదిలేశాడు.

సోమవారం ఆ సంచీ పట్టుకుని నేనే వెళ్ళాను. పట్టీ కుడుతుంటే పక్కనున్న రాతిమీద కూర్చున్నాను. ఈసారి పత్రిక తీసుకువెళ్ళలేదు. మీ పేరేమిటని అడిగాను. చెప్పాడు. కుట్టు ముడివేసి, దారం పంటితో కొరికి, తలెత్తి, నా పేరేమిటని అడిగాడు.